ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో గడప



ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిక దొరికినప్పుడు, సిగ్నల్ ఉన్న చోట కూర్చుని చదవండి. పోయిన నెల గ్రూపులో ఫోన్ డిస్‌ప్లేల గురించి చాలామంది అడిగారు. "ఫోన్ కింద పడలేదు, నీళ్ళు తగల్లేదు, అయినా స్క్రీన్ మీద నిలువునా ఆకుపచ్చ గీత వచ్చింది, ఎందుకు?" అని ఒకరు. "అమోలెడ్ అంటే ఏంటి, ఎల్‌సీడీకీ దానికీ తేడా ఏంటి?" అని ఇంకొకరు. వీటి మధ్యలో ఇంటర్ చదివే ఒక తమ్ముడు "ఈసీఈ తీసుకుంటే మనవాళ్ళు నెగ్గుకు రాగలరా అన్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్న కింద ఎవరూ ఏమీ రాయలేదు. స్క్రీన్ గురించి, ఆ తమ్ముడి ప్రశ్న గురించి కలిపే రాద్దామని కూర్చున్నాం. ఎందుకు కలిపామో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు మా గురించి రెండు ముక్కలు. మేము నలుగురం. పాడేరు, అరకు, చింతూరు, సీతంపేట వైపు ఊళ్ళ వాళ్ళం. ఇంట్లో ఒకరిది కువి, ఒకరిది ఆదివాసీ ఒడియా, ఒకరిది కోయ, ఒకరిది సవర. నలుగురం కలిస్తే మాట్లాడుకునేది తెలుగులో. పరీక్ష రాసేది ఇంగ్లీషులో. అందరం ఆశ్రమ పాఠశాలల నుంచి వచ్చినవాళ్ళమే. ఇప్పుడు ఒకే కాలేజీలో ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాం. ఈ ఏడాది ప్రాజెక్టుకి డిస్‌ప్లేలో పిక్సెల్‌ని వెలిగించే సర్క్యూట్ తీసుకున్నాం. అందులో మాకు తెలిసిందే ఇక్కడ రాస్తున్నాం.

మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెడదాం. స్క్రీన్ మీద తెల్లటి పేజీ ఏదైనా తెరిచి, వేలు తడిపి ఆవగింజంత నీటి బొట్టు పెట్టండి. బొట్టు భూతద్దంలా పనిచేస్తుంది. లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపిస్తాయి. అక్కడ తెలుపు చుక్క ఒక్కటి కూడా ఉండదు. ఆ మూడు రంగులూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తున్నాయి, అంతే.

ఇలాంటి చుక్కలు ఎన్ని ఉంటాయో లెక్క వేద్దాం. ఇప్పుడు చాలా ఫోన్లలో ఉండే స్క్రీన్ 1080 × 2400. గుణిస్తే 25,92,000 పిక్సెల్స్. అమోలెడ్ ఫోన్లలో సాధారణంగా ఆకుపచ్చ చుక్క ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, ఎరుపు, నీలం మాత్రం ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. అంటే పిక్సెల్‌కి రెండు చొప్పున 51,84,000 చుక్కలు. మన అరచేతిలో అరకోటికి పైగా దీపాలు ఉన్నాయన్నమాట. ఒక్కో దీపం ఎంత వెలగాలో సెకనుకి 60 సార్లు కొత్తగా చెప్పాలి.

ఒక్కో దీపానికి ఒక్కో వైరు లాగడం కుదిరే పని కాదు. అందుకని గళ్ళ తువ్వాలులో దారాల్లాగా అడ్డంగా కొన్ని లైన్లు, నిలువుగా కొన్ని లైన్లు వేస్తారు. అడ్డంగా పోయేది స్కాన్ లైన్. నిలువుగా పోయేది డేటా లైన్. స్కాన్ లైన్ "ఇప్పుడు ఈ వరస వంతు" అని చెప్తుంది. అప్పుడు ఆ వరసలో ఎవరు ఎంత వెలగాలో డేటా లైన్లు చెప్తాయి. పై వరస అయ్యాక దాని కింది వరస, ఆ తర్వాత దాని కిందిది. 2400 వరసలూ అయ్యాక మళ్ళీ మొదటికి.

ఆకుపచ్చ గీత సంగతి ఇక్కడే తేలిపోతుంది. స్క్రీన్ మీద ఒక్క చుక్క మాత్రమే చచ్చిపోతే తప్పు ఆ పిక్సెల్‌లోనే ఉంది. పైనుంచి కిందిదాకా గీత మొత్తం పోయిందంటే అన్ని పిక్సెల్స్ ఒకేసారి చెడిపోవు కదా. వాటన్నిటికీ కబురు తెచ్చే డేటా లైన్ దగ్గరో, దాన్ని డ్రైవర్ చిప్‌కి కలిపే సన్నని అతుకు దగ్గరో తెగింది. ఆ అతుకు వెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది. వేడికి సాగుతూ, చల్లబడి ముడుచుకుంటూ ఉంటుంది కాబట్టి ఫోన్ కింద పడకపోయినా ఒక్కోసారి ఊడుతుంది. రిపేరు షాపులో సోల్డరింగ్ పెట్టి అతికే పని కాదది. స్క్రీన్ మొత్తం మార్చాలి అంటున్నారంటే కారణం ఇదే. ఎవరైనా "సాఫ్ట్‌వేర్ వేస్తే పోతుంది" అని డబ్బులు అడిగితే రెండుసార్లు ఆలోచించండి.

సరే, వరసకి కబురు అందింది. కానీ ఒక వరస వంతు ఎంతసేపు ఉంటుంది? సెకనుకి 60 సార్లు, ప్రతిసారీ 2400 వరసలు. భాగిస్తే ఒక్కో వరసకి సుమారు 7 మైక్రోసెకన్లు. ఒక సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఏడు ముక్కలు. ఆ ఏడు ముక్కలసేపు వెలిగి మిగతా టైమంతా ఆరిపోతే ఏమవుతుంది?

ఇది మా ల్యాబ్‌లో చూడొచ్చు. ఆర్డినోతో వాడే చిన్న ఓఎల్ఈడీ మాడ్యూల్ ఉంటుంది, 128 × 64 ది. అది పాసివ్ మ్యాట్రిక్స్. అంటే తన వంతు వచ్చినప్పుడే ఒక వరస వెలుగుతుంది, మిగతా సమయం చీకటి. 64 వరసలు కాబట్టి ఒక్కోటి వెలిగేది 64లో ఒక వంతు సమయమే. మన కంటికి మామూలుగా కనపడాలంటే ఆ కాసేపట్లోనే 64 రెట్లు ఎక్కువగా వెలగాలి. ఫోన్ కెమెరాతో దాన్ని వీడియో తీస్తే పట్టీలు పట్టీలుగా కదులుతూ కనిపిస్తుంది. 64 వరసలకి ఇది సరిపోతుంది. 2400 వరసలకి 2400 రెట్లు వెలగమంటే ఏ దీపం బతుకుతుంది?

దీనికి దారి చూపినవాళ్ళలో ముఖ్యుడు పీటర్ బ్రోడీ. హంగరీలోని బుడాపెస్ట్‌లో పుట్టి, అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పనిచేశాడు. 1973లో ఆయన బృందం గాజు మీద సన్నని పొరలుగా ట్రాన్సిస్టర్లు వేసి, ప్రతి పిక్సెల్ పక్కన ఒక ట్రాన్సిస్టర్ ఉండే తెర చేసి చూపించింది. దీన్నే యాక్టివ్ మ్యాట్రిక్స్ అంటున్నాం. ఆ తర్వాత 1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ తక్కువ వోల్టేజితో బాగా వెలిగే సేంద్రియ పొరల దీపాన్ని ప్రకటించారు. అదే ఓఎల్ఈడీ. ఈ రెండూ కలిస్తే మనం రోజూ అనే అమోలెడ్. ఆ పేరులో "ఆమ్" అంటే యాక్టివ్ మ్యాట్రిక్సే.

ఇప్పుడు ఒక్క పిక్సెల్ లోపలికి వెళ్దాం. చేనుకి పోయేటప్పుడు సొరబుర్రలో నీళ్ళు నింపుకుని పోతాం కదా. ఊట దగ్గర మన వంతు వచ్చినప్పుడు నింపుకుంటాం, మళ్ళీ వంతు వచ్చేదాకా అదే వాడుకుంటాం. పిక్సెల్‌లో కెపాసిటర్ అనేది ఆ సొరబుర్ర. 7 మైక్రోసెకన్లలో డేటా లైన్ నుంచి వోల్టేజి నింపుకుని, మళ్ళీ వంతు వచ్చేదాకా దాచుకుంటుంది. బుర్ర మూతి తెరిచి మూసేది ఒక ట్రాన్సిస్టర్. దీన్ని స్విచింగ్ ట్రాన్సిస్టర్ అంటారు.

ఎల్‌సీడీకి ఇంతవరకు చాలు. ఎందుకంటే ఎల్‌సీడీ పిక్సెల్ తనంతట తాను వెలగదు. వెనకాల వేరే లైటు ఉంటుంది, పిక్సెల్ చేసేదల్లా కిటికీ తలుపులా ఆ వెలుతుర్ని ఆపడం, వదలడం. దానికి వోల్టేజి ఉంటే చాలు. ఓఎల్ఈడీ అలా కాదు, తానే వెలుగుతుంది. వెలిగినంతసేపూ కరెంటు పారుతూనే ఉండాలి. అంత కరెంటు ఆ చిన్న బుర్రలోంచి రాదు. అందుకని వేరే పెద్ద పైపు ఒకటి పెట్టి, దానికి ఒక కుళాయి బిగిస్తారు. బుర్రలో మట్టం ఎంత ఉంటే కుళాయి అంత తెరుచుకుంటుంది. ఆ కుళాయే రెండో ట్రాన్సిస్టర్, డ్రైవింగ్ ట్రాన్సిస్టర్. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటర్ కాబట్టి పుస్తకాల్లో ఈ సర్క్యూట్‌ని 2టీ1సీ అంటారు. ఓఎల్ఈడీ పిక్సెల్‌కి ఇదే అ ఆలు.

నల్లటి చోట కుళాయి పూర్తిగా మూసి ఉంటుంది, కరెంటు పారదు. అమోలెడ్ ఫోన్‌లో డార్క్ మోడ్ పెడితే, ముఖ్యంగా ఎండలో బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినప్పుడు, బ్యాటరీ ఎక్కువ సేపు రావడానికి కారణం ఇదే. ఎల్‌సీడీ ఫోన్‌లో పెడితే అంత లాభం ఉండదు, వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి.

కాగితం మీద 2టీ1సీ బాగానే ఉంటుంది. తెర తయారుచేసి చూస్తే మాత్రం బొమ్మ మచ్చలు మచ్చలుగా వస్తుంది. అన్ని పిక్సెల్స్‌కీ ఒకే వోల్టేజి ఇచ్చినా కొన్ని బాగా వెలుగుతాయి, కొన్ని మసగ్గా ఉంటాయి. ఈ మచ్చలకి జపాన్ మాట ఒకటి పెట్టుకున్నారు, మురా అని. ఎందుకు వస్తాయో తెలియాలంటే త్రెషోల్డ్ వోల్టేజి అర్థం కావాలి.

పాఠంలో ఆ మాట వచ్చినప్పుడు మేము డిక్షనరీ తీశాం. త్రెషోల్డ్ అంటే గడప అని ఉంది. ఇంత తెలిసిన మాటకి ఇన్నాళ్ళూ భయపడ్డామా అని నవ్వొచ్చింది. ప్రతి ట్రాన్సిస్టర్‌కీ ఒక గడప ఉంటుంది. గేటుకిచ్చిన వోల్టేజి ఆ గడప దాటితేనే కరెంటు పారడం మొదలవుతుంది. ఎంత పారుతుందనేది మనం ఇచ్చిన మొత్తాన్ని బట్టి ఉండదు. గడపకి పోగా మిగిలినదాన్ని బట్టి, అది కూడా దాని వర్గాన్ని బట్టి ఉంటుంది.

ఒక లెక్క చూడండి. రెండు ట్రాన్సిస్టర్లు. ఒకదాని గడప 1 వోల్టు, ఇంకోదాని గడప 1.1 వోల్టు. తేడా పదో వంతే. రెండింటికీ 2 వోల్టులు ఇద్దాం. మొదటిదానికి మిగిలేది 1, వర్గం 1. రెండోదానికి మిగిలేది 0.9, వర్గం 0.81. అంటే వెలుగులో దాదాపు ఐదో వంతు తగ్గింది. ఇప్పుడు రెండింటికీ 1.3 వోల్టులే ఇద్దాం. మొదటిదానికి మిగిలేది 0.3, వర్గం 0.09. రెండోదానికి 0.2, వర్గం 0.04. రెండోది సగం కూడా వెలగడం లేదు. గడపలో తేడా మారలేదు, ఇచ్చింది మాత్రం తగ్గింది. ఇచ్చేది తగ్గేకొద్దీ ఎత్తు గడప ఉన్నవాడికే ఎక్కువ దెబ్బ తగులుతుంది. మచ్చలు తెల్లటి బొమ్మలో కన్నా మసక బొమ్మలో బాగా బయటపడేది ఇందుకే.

గడపలు ఎందుకు తేడా వస్తాయి? ఫోన్ తెరల్లో గాజు మీద సిలికాన్ పొర వేసి, దాన్ని లేజర్‌తో క్షణకాలం కరిగించి గట్టిపరుస్తారు. బెల్లం పాకం గడ్డకట్టినప్పుడు పలుకులు ఒక్కోచోట ఒక్కోలా కట్టినట్టు, అక్కడా స్ఫటికాలు ఒక్కోచోట ఒక్కోలా కడతాయి. ఏ ట్రాన్సిస్టర్ కింద ఎన్ని అతుకులు పడ్డాయన్నది ఆ ట్రాన్సిస్టర్ చేతిలో లేదు. లేజర్ పెట్టని మామూలు సిలికాన్ వాడితే ఇంకో ఇబ్బంది. పనిచేసేకొద్దీ, భారం మోసేకొద్దీ గడప పెరుగుతూ పోతుంది.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, పరీక్షలోనూ అడుగుతారు. గడప వేరు, మొబిలిటీ వేరు. మొబిలిటీ అంటే ఎలక్ట్రాన్ల నడక వేగం. గడప ఎత్తుగా ఉన్నంత మాత్రాన నడక మెల్లగా ఉందని అర్థం కాదు. ఈక్వేషన్‌లో రెండూ వేరు వేరు చోట్ల ఉంటాయి.

ఇక్కడ మా క్లాస్ సంగతి ఒకటి చెప్పాలి. మా బ్రాంచిలో ఒక మిత్రుడు ఉన్నాడు. చెడ్డవాడు కాదు. నోట్స్ ఇస్తాడు, జ్వరం వస్తే హాస్టల్‌కి టిఫిన్ తెస్తాడు. అతనే ఒకరోజు అడిగాడు: "ఒకే సిలబస్, ఒకే పేపరు, ఒకే మూడు గంటలు. ఇంకా మీకు వేరే కటాఫ్ ఎందుకురా?" ఈ గ్రూపులో ఈ మాట వినని వాళ్ళు ఉండరనుకుంటాం. కొందరు కోపంతో అడుగుతారు, కొందరు నిజంగా తెలియక అడుగుతారు. ఇతను తెలియక అడిగాడు. ఆ రోజు వాదన పెట్టుకోలేదు.

తర్వాత ప్రాజెక్టులో భాగంగా ఒక బ్రెడ్‌బోర్డు కట్టాం. 2ఎన్7000 అనే ట్రాన్సిస్టర్లు ఆరు, రెండు మూడు షాపుల్లో కొన్నవి. ఒక్కోదానికి ఒక ఎల్ఈడీ, ఒక రెసిస్టర్. ఆరింటి గేట్లూ కలిపి ఒకే పొటెన్షియోమీటర్‌కి ఇచ్చాం. వోల్టేజి మెల్లగా పెంచుకుంటూ పోతే ఒకటి ముందు వెలిగింది, తర్వాత రెండు, తర్వాత ఇంకొకటి. మొదటిది బాగా వెలుగుతున్నప్పటికి ఆఖరిది ఇంకా చీకట్లోనే ఉంది. మా మిత్రుడు చూసి "ఇవన్నీ ఒకే నంబరువేనా?" అన్నాడు. డేటాషీట్ తెరిచి చూపించాం. గడప 0.8 వోల్టు నుంచి 3 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని తయారుచేసినవాళ్ళే రాశారు. తర్వాత పొటెన్షియోమీటర్‌ని పూర్తిగా తిప్పి అందరికీ 5 వోల్టులు ఇచ్చాం. ఆరూ ఒకేలా వెలిగాయి. అందరికీ పుష్కలంగా ఉన్నప్పుడు గడపల తేడా బయటికి కనిపించదు. కొద్దికొద్దిగా పంచినప్పుడే కనిపిస్తుంది.

ఇక అసలు సర్క్యూట్. ఈ మచ్చలు పోవడానికి ఇంజనీర్లు ఏం చేశారు? "తక్కువ వెలిగే ట్రాన్సిస్టర్లు పనికిరావు, తీసేయండి" అంటే తెరే మిగలదు. అందుకని పిక్సెల్ లోపలే గడపని కొలిచే ఏర్పాటు చేశారు. 1998లో అమెరికాలోని సార్నాఫ్ సంస్థ నుంచి డాసన్ బృందం నాలుగు ట్రాన్సిస్టర్లతో ఇలాంటి పిక్సెల్‌ని ప్రకటించింది. ఇప్పుడు ఫోన్లలో బాగా వాడేది ఏడు ట్రాన్సిస్టర్లది, 7టీ1సీ. ఇది మూడు అంచెల్లో పనిచేస్తుంది.

మొదటి అంచె: సొరబుర్రలో పోయినసారి మిగిలినదంతా ఒంపేస్తారు. పాత బొమ్మ నీడ కొత్త బొమ్మ మీద పడకూడదు కాబట్టి.

రెండో అంచె: డ్రైవింగ్ ట్రాన్సిస్టర్ గేటునీ డ్రెయిన్‌నీ కలిపేసి, దాని గుండానే డేటా వోల్టేజిని బుర్రలోకి పంపుతారు. మట్టం పెరుగుతూ పెరుగుతూ, గడపంత తేడా మిగిలినచోట ట్రాన్సిస్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అంటే బుర్రలో నిలిచింది డేటా వోల్టేజిలోంచి ఆ ట్రాన్సిస్టర్ గడప తీసేయగా మిగిలినది. ఎవరి గడప ఎంతో వాళ్ళ బుర్రలోనే నమోదైపోయింది. పైనుంచి ఎవరూ లెక్కగట్టి చెప్పలేదు.

మూడో అంచె: డేటా లైన్ మూసేసి, సప్లై కలిపి దీపం వెలిగిస్తారు. కరెంటు ఈక్వేషన్‌లో గడపని తీసివేయాలి కదా. కానీ బుర్రలో ముందే గడప లెక్క కలిసి ఉంది. ఒకటి కూడిక, ఒకటి తీసివేత, రెండూ కొట్టేసుకుంటాయి. ఆఖరికి మిగిలేది సప్లై వోల్టేజికీ డేటా వోల్టేజికీ తేడా, దాని వర్గం. ఈక్వేషన్‌లో గడప అనే అక్షరమే ఉండదు. మొదటిసారి నలుగురం కలిసి ఆ లెక్క చేసి, ఆ అక్షరం కొట్టేసిన దగ్గర కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఈ పద్ధతిని కాంపెన్సేషన్ అంటారు. గమనించండి, ఇక్కడ ఎవరికీ ఎక్కువ వెలుగు ఇవ్వలేదు. ఎవరి వెలుగూ తీసి ఇంకొకరికి పెట్టలేదు. గడప వల్ల పోతున్నదాన్ని మాత్రమే పూడ్చారు. ఆ తర్వాత వెలిగింది ఆ పిక్సెల్ సొంత వెలుగే. ఇందుకు ఒక్కో చుక్కకి ఐదు ట్రాన్సిస్టర్లు అదనం. 51,84,000 చుక్కలకి ఏడేసి చొప్పున 3,62,88,000 ట్రాన్సిస్టర్లు. కంపెనీలు ఈ ఖర్చు జాలితో పెట్టడం లేదు. తెర మొత్తం సమంగా కనిపించాలంటే వేరే దారి లేదు కాబట్టి పెడుతున్నాయి.

మనుషులు ట్రాన్సిస్టర్లు కారని మాకూ తెలుసు. అయినా 1951లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15(4) చేర్చినప్పుడు చేసిన పని ఇలాంటిదే అని మాకు అనిపిస్తుంది. ఫిజిక్స్ సార్ పోస్టు ఏడాదంతా ఖాళీగా ఉన్న బడిలో చదివినవాళ్ళూ, రెండు కోచింగులు తీసుకున్నవాళ్ళూ ఒకే పేపరు రాస్తే, ఆ మార్కుల్లో గడప కూడా కలిసే ఉంటుంది. గడప ఎత్తుని చూసి నడక రాదనుకోవద్దు అనేదే మా మాట.

మా మిత్రుడు బ్రెడ్‌బోర్డు చూసి ఒప్పేసుకున్నాడని చెప్పం. అతను ఇంకో ప్రశ్న వేశాడు: "సరే, మరి ఎప్పటిదాకా?" మంచి ప్రశ్నే. దానికీ సర్క్యూట్‌లోనే జవాబు ఉంది. పిక్సెల్‌లో కాంపెన్సేషన్‌కి తేదీ పెట్టరు. ప్రతి ఫ్రేములో మళ్ళీ కొలుస్తారు. అన్ని గడపలూ నిజంగా సమానమైన రోజున కలిపేది కూడా అందరికీ సమానమే అవుతుంది, తేడా దానంతట అదే పోతుంది. కొలవడం మానేసి తేదీ అడిగితే మచ్చలు తిరిగి వస్తాయి.

ఈ సర్క్యూట్‌కి హద్దులు కూడా ఉన్నాయి. అవి కూడా చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

ఒకటి, కొలవడానికి టైం కావాలి. గడప దగ్గర పడేకొద్దీ కరెంటు సన్నబడి మెల్లగా నిండుతుంది. 60 నుంచి 120 హెర్ట్జ్‌కి పోతే వరసకి 7 మైక్రోసెకన్లు కాస్తా మూడున్నర అవుతాయి. కొలత పూర్తికాకుండానే ముగించాల్సి వస్తే మచ్చలు మిగులుతాయి. మొదటి సెమిస్టర్ నాలుగు నెలల్లో ఇంగ్లీషు, లెక్కలు, కొత్త ఊరు, అన్నీ ఒకేసారి దాటమంటే జరిగేది ఇదే.

రెండు, బుర్ర కారకూడదు. మామూలు ఫోన్ ట్రాన్సిస్టర్లు మూసి ఉన్నా కొంచెం కారుతుంటాయి. 2004లో జపాన్‌లో హిదియో హొసొనో బృందం పారదర్శకమైన ఆక్సైడ్ ట్రాన్సిస్టర్లని ప్రకటించింది. ఆ రకానివి చాలా తక్కువ కారుతాయి. వాటిని బుర్ర మూతి దగ్గర పెట్టే పద్ధతినే ఇప్పుడు ఎల్‌టీపీఓ అని ప్రకటనల్లో చెప్తున్నారు. సీటు ఇచ్చి, స్కాలర్‌షిప్ ఏడాది చివర వేస్తే, మధ్యలో కారిపోయేవాళ్ళు కారిపోతూనే ఉంటారు.

మూడు, పూడ్చగలిగేదానికి ఒక హద్దు ఉంటుంది. గడప మరీ ఎత్తయితే సప్లై వోల్టేజి చాలదు. అప్పుడు ఫ్యాక్టరీలో, లేజర్ దగ్గరే సరిచేయాలి. మన విషయంలో ఆ లేజర్ ఊరి బడి. కాలేజీలో సీటు దొరికింది కదా అని ఊరి బడిలో ఖాళీ పోస్టుల సంగతి వదిలేయకూడదు.

నాలుగోది మనకి మనం చెప్పుకోవాల్సింది. మనలో మనకీ గడపలు ఒకటి కావు. రోడ్డు పక్క ఊరు వేరు, డోలీ మోసే కొండ పైన ఊరు వేరు. అమ్మానాన్నల్లో ఒకరు ఉద్యోగం చేసే ఇల్లు వేరు, బడి మొహం చూసిన మొదటి మనిషి ఉన్న ఇల్లు వేరు. మనందరినీ ఒక్క పేరుతో పిలిచి ఒకే వోల్టేజి ఇస్తే మన తెర మీద కూడా మచ్చలు వస్తాయి.

పోయిన ఏడాది మా హాస్టల్‌లో ఒక జూనియర్ తమ్ముడు పెట్టె సర్దుకున్నాడు. రోడ్డు లేని ఊరు వాడిది. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. "నావల్ల కాదన్నా, ఇంటికెళ్ళి జీడిమామిడి చూసుకుంటా" అన్నాడు. ఉండమని బతిమాలలేదు, "ఏది రావట్లేదో చూద్దాం, రెండు ఆదివారాలు ఉండు" అన్నాం. కూర్చోబెట్టి చూస్తే లెక్కలు వస్తున్నాయి. సర్క్యూట్ బొమ్మ వేసి తెలుగులో అడిగితే జవాబు చెప్తున్నాడు. ప్రశ్నపత్రంలో "డిటర్మిన్", "హెన్స్ షో దట్" లాంటి మాటలు వస్తే ఏం చేయమంటున్నారో తెలియక ఆగిపోతున్నాడు. వాడి గడప అక్కడ ఉంది. అంతకుముందు వాడికి పెట్టిన ఎక్స్‌ట్రా క్లాసులన్నీ లెక్కల మీద. ఒక నోటుపుస్తకంలో అలాంటి మాటలు రాసి, పక్కన తెలుగులో, వీలైన చోట ఇంటి భాషలో అర్థం రాశాం. ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నాడు. మూడింటిలో రెండు పాసయ్యాడు, ఒకటి ఇంకా ఉంది. దాన్నీ తెచ్చుకుంటాడు.

కాబట్టి ఈసీఈ తీసుకోవచ్చా అని అడిగిన తమ్ముడికి మా జవాబు: తీసుకో. భయం వేస్తే వేయనీ. కానీ నీ గడప ఎక్కడుందో ముందు కొలుచుకో. ఇంగ్లీషా, లెక్కలా, డబ్బా, ఇంటి బెంగా? కొలిస్తే పూడ్చుకోవచ్చు. మేము ఉన్నాం.

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్‌లో ఉన్నవాళ్ళు ఆ ఆరు ఎల్ఈడీల బోర్డు మీరూ కట్టండి. 2ఎన్7000 ఆరు, ఎల్ఈడీలు ఆరు, ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్, 10 కిలో ఓమ్ పొటెన్షియోమీటర్, 5 వోల్టుల పాత ఛార్జర్ చాలు. ముందు ఆరింటికీ ఒకే పొటెన్షియోమీటర్ పెట్టి చూడండి. తర్వాత ఒక్కోదానికి ఒక్కోటి పెట్టి, ఆరూ సమంగా వెలిగేలా తిప్పండి. మల్టీమీటర్‌తో ఒక్కో గేటు వోల్టేజి రాసుకోండి. గడపల పట్టిక మీ చేతిలో ఉంటుంది. మాస్‌ఫెట్ పాఠం ఆ తర్వాత చదివితే బరువనిపించదు. ఎన్‌పీటీఈఎల్‌లో సెమీకండక్టర్ డివైజుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఐఐటీ కాన్పూర్‌లో వంగే ఎలక్ట్రానిక్స్ మీద పనిచేసే జాతీయ కేంద్రం ఉంది. తిరుపతి దగ్గర టీసీఎల్ వాళ్ళ డిస్‌ప్లే ప్యానెళ్ళ యూనిట్ ఉంది. ఈ పని ఎక్కడో అమెరికాలో, జపాన్‌లోనే జరిగేది కాదు.

కాలేజీలో సీనియర్లుగా ఉన్నవాళ్ళకి ఒక్క మనవి. మీ హాస్టల్‌లో మొదటి సంవత్సరం పిల్లలు ఎవరైనా పెట్టె సర్దుతుంటే, సలహా ఇచ్చే ముందు పక్కన కూర్చుని రెండు ప్రశ్నపత్రాలు చేయించి చూడండి. ఏ మాట దగ్గర ఆగుతున్నారో రాసి పెట్టండి. అలాంటి మాటల పట్టికలు మాకు పంపితే కోయ, కువి, సవర, ఆదివాసీ ఒడియా అర్థాలతో కలిపి గ్రూపులో పెడతాం. గోండి, కొలామి, గోర్‌బోలి తెలిసినవాళ్ళు చేయి కలపండి. మా దగ్గర ఇప్పటికి ఉన్నది ఒక్క నోటుపుస్తకమే. అందులో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.

జోహార్.